ఉప్పును ఆపే పొర, క్రిమిని చంపే దీపం

ఆర్వో ప్లాంటువాళ్లు మార్చి పక్కన పడేసిన పాత మెంబ్రేన్ ఒకటి దొరికితే ఇనుప రంపంతో కోయించి చూడాలి. దివిసీమలో, అంటే మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక వైపు, మినరల్ వాటర్ షెడ్లకు కొదవ లేదు కాబట్టి దొరకడం కష్టమేమీ కాదు. నాలుగంగుళాల లావు, నలభై అంగుళాల పొడవు. మెకానిక్కులు ఆ కొలతనే పేరుగా చేసుకుని ‘ఫార్టీ ఫార్టీ’ అంటారు. బయటి ఫైబర్ గ్లాసు తొడుగులో చూడాల్సిందేమీ లేదు. అసలు పనితనమంతా లోపల ఉంది. మధ్యలో బొటనవేలు పట్టేంత ప్లాస్టిక్ గొట్టం, దానికి వరసగా బెజ్జాలు, ఆ గొట్టం చుట్టూ గాలి కూడా దూరదేమో అన్నంత బిగువుగా చుట్టిన పొరలు.

చుట్ట విప్పుతూ పోతే ఒక్కో మడతా ఒక్కో సంచి అని తెలుస్తుంది. రెండు పొరల్ని వీపుకు వీపు ఆనించి, నడుమ సన్నటి నేతగుడ్డ పరిచి, మూడు అంచుల్ని జిగురుతో మూసేశారు. నాలుగో అంచు మాత్రం మధ్య గొట్టంలోకి తెరుచుకుంటుంది. సంచికీ సంచికీ మధ్య ప్లాస్టిక్ వల. మోటారు తోసిన ఉప్పునీరు ఈ వల దారిన ఒక కొస నుంచి రెండో కొసకు పరుగెడుతుంది. దారిలో కొంత నీరు పొరలోంచి ఇంకి సంచిలోకి దిగుతుంది. దిగిన నీరు గుడ్డ పోగుల సందుల్లో చుట్టూ తిరిగి తిరిగి నడిమి గొట్టంలో పడుతుంది. ఉప్పు మాత్రం లోపలికి రాలేక, మిగిలిన నీటితో కలిసి రెండో కొసన బయటికి పోతుంది. ఎనభై చదరపు అడుగుల పైచిలుకు పొరను, చంకన పెట్టుకుని నడిచిపోగలిగినంత గొట్టంలో ఇమిడ్చారు. 1960ల్లో అమెరికాలోని జనరల్ అటామిక్ కంపెనీ ఇంజినీర్లు కుదిర్చిన అమరిక ఇది. అరవై ఏళ్లయినా దీన్ని పెద్దగా మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ వల. చూడటానికి ఏదో ఎడం ఉంచడానికి పెట్టినట్టుంటుంది. నిజానికి అది నీటిని చిలుకుతోంది. పొర దగ్గర నీరు లోపలికి పోతున్నకొద్దీ అక్కడే ఉప్పు పేరుకుంటుంది. అలా పేరుకున్న ఉప్పును వెంటవెంటనే కదిలించకపోతే, బయట రెండు వేల పీపీఎం ఉన్న నీరు పొర మొహం మీద ఇంకా ఎన్నో రెట్లు చిక్కబడి, పొర తొందరగా పాడవుతుంది. వల దారాలు ఒకదాని మీదుగా ఒకటి అడ్డం పడి నీటిని పొర్లిస్తాయి. దారం మరీ లావైతే పొర వైశాల్యం తగ్గుతుంది. మరీ సన్నమైతే ఒండ్రు ఇరుక్కుంటుంది. మిల్లీమీటరులోపు మందంలో ఈ తూకం కుదరాలి. ఆ మందం కాగితం మీద లెక్కకు పూర్తిగా దొరికేది కాదు. ఎవరో డబ్బు పెట్టి, నిజమైన చోట, నిజమైన నీటితో, నెలల తరబడి నడిపి చూస్తేనే తేలుతుంది. ఈ వ్యాసం అసలు విషయం ఆ డబ్బే. కానీ ముందు పొర సంగతి ముగించాలి.

ఉప్పు నీటిని ఎలా లాగుతుందో తెలుగు వంటింటికి కొత్తగా చెప్పక్కర్లేదు. మాగాయకు ముక్కలు కోసి ఉప్పు చల్లితే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ముక్కలోని నీరు ఉప్పు ఉన్న వైపుకు తనంతట తాను వచ్చేసింది. పొరకు ఒకవైపు మంచినీరు, రెండోవైపు ఉప్పునీరు పెట్టినా అంతే, మంచినీరు ఉప్పు వైపుకే పోతుంది. దాన్ని వెనక్కి తిప్పాలంటే ఆ లాగుడును మించిన ఒత్తిడితో ఉప్పునీటిని తోయాలి. సముద్రపు నీటికి, అంటే లీటరుకు 35 గ్రాముల ఉప్పుకు, ఆ లాగుడు సుమారు 27 బార్లు. మన బోరు నీళ్లలో రెండు వేల పీపీఎం ఉంటే ఒకటిన్నర బార్లకు అటూ ఇటూ. పల్లెలో చిన్న మోటారుతో ప్లాంటు నడిచిపోతున్నదంటే కారణం ఇదే. వడగట్టేది సముద్రాన్ని కాదు, సముద్రం తగిలిన భూగర్భజలాన్ని.

దివిసీమలో ఆ తగలడం చాలా పాతది. కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెడుతూ కట్టిన నేల ఇది. పాత ఇసుక మేటల కింద మంచినీరు పైపైన తేలుతూ ఉంటుంది, దాని అడుగున ఉప్పునీరు. పది అడుగులు ఎక్కువ దించితే బోరు చెడిపోయిన సంగతులు ఇక్కడ మామూలే. 1977 నవంబరు 19న ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసి, వెనక్కి పోతూ బావుల్లో, చెరువుల్లో ఉప్పును వదిలిపోయింది. అందుకే ఇక్కడ తాగునీరంటే ప్రధానంగా కాలువ నీరే. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా కృష్ణ పాయను దాటి వచ్చిన నీటిని మంచినీళ్ల చెరువుల్లో నింపుకుని, ఎండాకాలం కాలువ కట్టేశాక ఆ నిల్వతో నెట్టుకొస్తారు. భూమిలోది ఉప్పు, చెరువులోది క్రిమి. రెండు జబ్బులకు రెండు వేర్వేరు మందులు కావాలి. రెండూ ఎక్కడో దూరాన, ప్రయోగశాలకూ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్న దశలో, లాభం ఆశించని సొమ్ముతో తయారయ్యాయి.

పొర కథ 1950ల్లో మొదలవుతుంది. 1952లో అమెరికా ప్రభుత్వం ఉప్పునీటిని మార్చే పరిశోధన కోసం చట్టం చేసి, కొద్దిపాటి నిధులు కేటాయించింది. ‘ఆఫీస్ ఆఫ్ సెలైన్ వాటర్’ అలా పుట్టింది. ఆ డబ్బుతో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్, బ్రెటన్ అనే ఇద్దరు సెల్యులోజ్ అసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని తేల్చారు. ఆపడమైతే ఆపింది గానీ నీరు చుక్కచుక్కగా తప్ప రాదు. ఆ వేగానికి ఊరు కాదు కదా, ఇల్లు కూడా గడవదు.

కాలిఫోర్నియా రాష్ట్రం నిధులతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ శాఖలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస శౌరిరాజన్ కలిసి అదే పని పట్టారు. వాళ్లు బజార్లో దొరికే వడపోత పొరను కొని, వేడినీళ్లలో ఉడికించి, రంధ్రాలు ముడుచుకునేలా చేసి చూశారు. ఒక్కోసారి బ్రహ్మాండంగా పనిచేసేది. ఒక్కోసారి అసలు పనిచేసేది కాదు. పొర అదే, ఉప్పు అదే, ఒత్తిడీ అదే. చివరికి తేలిందేమిటంటే, ఏ మొహం ఉప్పు వైపు పెట్టారన్నదే తేడా. కంటికి రెండు మొహాలూ ఒకేలా ఉన్న పొరకు నిజానికి ఒకవైపు దట్టమైన చర్మం, మిగతాదంతా గుల్ల ఉన్నాయి. ఉప్పును ఆపేది ఆ చర్మమొక్కటే. మిగతాది దానికి వెన్నుదన్ను.

ఈ క్షణాన్ని నేను ఈ మొత్తం కథకు నడిమి స్తంభం అనుకుంటాను. ఫలితం నిలకడగా రానప్పుడు సరుకు నాణ్యతను తిట్టుకుని ఊరుకోవడం సులభం. వీళ్లు పొరను తిరగేశారు. తిరగేశాక, ఆ చర్మాన్ని తామే కావాలని తయారు చేయడం మొదలుపెట్టారు. ద్రావణాన్ని గాజుపలక మీద పలచగా పరచి, పైభాగం కాస్త ఆరనిచ్చి, చల్లటి నీళ్లలో ముంచి, తర్వాత వేడినీళ్లలో బిగించడం. పైన మైక్రానులో ఏ అయిదో వంతో ఉండే చర్మం, కింద దానికి ఎన్నో రెట్ల మందం గుల్ల. 1960లో ఈ పొరను ప్రకటించేసరికి నీరు వచ్చే వేగం పాత పొరలకంటే పది రెట్లు దాటింది.

ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక మంచి పరిశోధన పత్రం అయ్యేది. వాళ్లకు డబ్బిచ్చినవాళ్లు ఆపలేదు. 1965 జూన్‌లో కాలిఫోర్నియాలోని కోలింగ అనే చిన్న ఊళ్లో, పొరను గొట్టాల లోపలి గోడకు పరిచి, రోజుకు సుమారు 5 వేల గ్యాలన్ల నీరిచ్చే ప్లాంటు పెట్టారు. మన లెక్కలో ఇరవై లీటర్ల టిన్నులు తొమ్మిది వందల పైచిలుకు. ఆ ఊరి బోరునీళ్లు ఎంత ఉప్పన అంటే, ఒకప్పుడు తాగునీరు రైలు ట్యాంకర్లలో తెప్పించుకునేవారు. అంటే పరీక్షకు అచ్చంగా తగిన ఊరు. జనానికి అవసరం ఉంది, నీటిలో జబ్బు ఉంది, ప్లాంటు ఆగితే ఫిర్యాదు చేయడానికి మనుషులు ఉన్నారు. ఒత్తిడితో ఉప్పును వడగట్టిన నీరు ఒక ఊరికి సరఫరా కావడం అదే మొదలు.

మన షెడ్డు వెనక దొరికే పొర మాత్రం లోబ్, శౌరిరాజన్‌లది కాదు. దాని తర్వాతి తరం. 1970ల్లో మినియాపొలిస్‌లో జాన్ కాడొట్ చేసిన పని. అందులో నన్ను ముగ్ధుణ్ణి చేసేది తయారయ్యే తీరు. గుల్లగా ఉండే ఆధారాన్ని ఒక రసాయనం కలిపిన నీటితో తడుపుతారు. పైన రెండో రసాయనం కలిపిన హెక్సేన్ పోస్తారు. నీరూ హెక్సేనూ కలవవు. అవి తాకే గీత దగ్గర మాత్రం రెండు రసాయనాలూ కలుసుకుని క్షణాల్లో పాలిఅమైడ్ పొర కడుతుంది. పొర కట్టగానే ఆ పొరే అడ్డు నిలిచి, కింది రసాయనాన్ని పైకి రానివ్వదు. దాంతో పొర పెరగడం తనంతట తానే ఆగిపోతుంది. ఎక్కడైనా సందు మిగిలితే అక్కడే రసాయనం ఎగబాకి ఆ సందును పూడుస్తుంది. మందం మైక్రానులో పదో వంతుకు అటూ ఇటూ, చిల్లు లేకుండా, కిలోమీటర్ల పొడవున. మనిషి చేత్తో పరచగలిగిన పని కాదిది. ఎప్పుడు ఆగాలో పదార్థానికే అప్పగించిన పనితనం.

కాడొట్ పొరకు ఓ కోర్టు కథ కూడా ఉంది. ఆయన భాగస్వామిగా 1977లో ఫిల్మ్‌టెక్ అనే కంపెనీ మొదలైంది. ఆ కంపెనీని 1985లో డౌ కొనేసింది. పేటెంటు తమదంటూ ఫిల్మ్‌టెక్ పోటీ కంపెనీల మీద దావా వేసింది. 1992లో అమెరికా అప్పీలు కోర్టు ఏం తేల్చిందంటే, ఆ ఆవిష్కరణ ప్రభుత్వ కాంట్రాక్టు డబ్బుతో పని చేస్తున్నప్పుడు జరిగింది కాబట్టి, ఉప్పునీటి చట్టం ప్రకారం పేటెంటు హక్కు ప్రభుత్వానిదే అని. పన్ను కట్టిన జనం డబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో ఇంత సూటిగా చెప్పే తీర్పు అరుదు. దివిసీమలో ఇరవై లీటర్ల టిన్ను మోసుకెళ్లే మనిషి తాగేదాంట్లో ఆ ప్రజాధనం వాటా కూడా ఉంది.

పాలిఅమైడ్ పొరకు ఒక బలహీనత ఉంది, అదే మనల్ని రెండో యంత్రం దగ్గరికి తీసుకెళ్తుంది. క్లోరిన్ తగిలితే ఇది చెడిపోతుంది. పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు వేస్తుంది, ఆర్వో ప్లాంటు ఆ క్లోరిన్‌ను బొగ్గు ఫిల్టరుతో తీసేస్తుంది. క్రిమి నుంచి కాపాడేదాన్ని, పొరను కాపాడుకోవడానికి తీసేయక తప్పదు. కాబట్టి కొసన మరో కాపలా కావాలి. ఆ కాపలాగా ప్లాంట్లలో చివర ఒక యూవీ దీపం ఉంటుంది. దీపాన్ని క్వార్ట్జ్ గాజు తొడుగులో పెట్టి నీళ్లలో ముంచడం మామూలు పద్ధతి. కొన్నాళ్లకు ఆ తొడుగు మీద నాచూ సున్నమూ పేరుకుని వెలుతురు బయటికి రాదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, క్రిములు బతుకుతూనే ఉంటాయి. పైకి చూస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపించే లోపం అన్నిటికంటే ప్రమాదకరం.

అశోక్ గాడ్గిల్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే. బొంబాయిలో పుట్టి, కాన్పూర్ ఐఐటీలో చదివి, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. 1992 చివర మద్రాసులో బయటపడి, తూర్పు తీరం వెంబడి 1993కల్లా కలకత్తా, బంగ్లాదేశ్‌లను చుట్టేసిన కొత్తరకం కలరా, ఓ-139, ఆయన్ని ఈ పనికి పురిగొల్పింది. అంతవరకూ ఆయన వృత్తి భవనాల్లో గాలి, శక్తి వాడకం. నీటి ఇంజినీరు కాకపోవడమే మేలైంది అనిపిస్తుంది నాకు. దీపాన్ని నీళ్లలో ముంచాలన్న అలవాటు ఆయనకు లేదు.

ఆయన దీపాన్ని నీటి పైన వేలాడదీశారు. అర్ధచంద్రాకారపు తొట్టి, దాని మీద లోపల అద్దంలా మెరిసే అర్ధచంద్రాకారపు మూత, మూత నుంచి వేలాడే దీపం. నీరు దీపాన్ని తాకదు, కాబట్టి పేరుకోవడానికేమీ లేదు. పైకి పోయే వెలుతురును మూత మళ్లీ నీటి మీదికే తిప్పి పంపుతుంది. నీరు ముందుగా చిల్లుల అడ్డుగోడలోంచి దూరి వస్తుంది. దాంతో ఒకచోట దూకుడుగా, మరోచోట నిలిచిపోయినట్టుగా కాకుండా తొట్టి పొడవునా సమంగా పారుతుంది. అవతలి కొసన చిన్న గట్టు, దాని మీదుగా పొర్లి పోవాలి. ఆ గట్టు నీటి లోతును నిలుపుతుంది. ఇంత చిన్న గోడ, ఇంత చిన్న గట్టు లేకపోతే కొన్ని చుక్కలు దీపం కింద సరిపడా సేపు ఉండకుండా జారిపోతాయి. ఆ జారిన చుక్కల్లోనే కలరా ఉండొచ్చు. 1998లో వికాస్ గరుడ్‌తో కలిసి ఆయన తీసుకున్న పేటెంటులో ప్రధానంగా ఉన్నది ఈ గోడ, గట్టు, తొట్టి ఆకారాలే.

254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి క్రిమి డీఎన్‌ఏలోని పక్కపక్క అక్షరాల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది. ఆ తర్వాత క్రిమి పిల్లల్ని పెట్టలేదు. యంత్రం నిమిషానికి 15 లీటర్ల నీటిని 60 వాట్ల కరెంటుతో శుద్ధి చేస్తుంది. గంటకు 900 లీటర్లు. అంత నీటిని కాచి తాగాలంటే, వేడి ఎక్కడా వృథా కాదనుకున్నా 78 యూనిట్ల దాకా కావాలి. దీపానికి యూనిట్‌లో పదహారో వంతు చాలు. పంపు ఒత్తిడి అక్కర్లేదు, పైన పెట్టిన ట్యాంకు నుంచి నీరు తనంతట తాను దిగితే చాలు.

ఈ యంత్రం ఆంధ్రలో అడుగుపెట్టిన తొలి ఊళ్లలో ఒకటి మన పొరుగునే ఉంది. గుడివాడ దాటాక ముదినేపల్లి మండలంలోని బొమ్మినంపాడు. వాటర్‌హెల్త్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ, హైదరాబాదుకు చెందిన నాంది ఫౌండేషన్ తోడుగా 2005, 2006 ప్రాంతంలో అక్కడ కేంద్రం పెట్టింది. పంచాయతీ స్థలమూ నీరూ ఇచ్చింది, ఊరివాళ్లు బిందెకు ఇంతని కట్టి పట్టుకెళ్లేవారు, ఆ సొమ్ముతో నిర్వహణ నడిచేది. కొల్లేటికి దగ్గర, కాలువ నీరు నిల్వ చేసుకునే ప్రాంతం. అక్కడి జబ్బు క్రిమిదే కాబట్టి మందు తగిలింది. ఒండ్రు నీటిలోకి వెలుతురు దూరదు గనక దీపానికి ముందు వడపోత తప్పనిసరి. మురికి బిందెలో పడితే శుద్ధి చేసిన నీరు మళ్లీ చెడుతుంది. ఈ రెండూ ప్రయోగశాలలో కూర్చుంటే ప్రధానమైన సంగతులుగా తోచవు.

దీపానికి ఉప్పు తీసే శక్తి లేదు. ఆ మాట దాచి ఎవరైనా దివిసీమ బోరు పక్కన దీపమొక్కటే పెడితే అది మోసమే. అయితే ఇటువైపు జరుగుతున్నది దానికి తిరగేసిన పొరపాటు. చెరువు నీటి టీడీఎస్, అంటే కరిగిన లవణాల కొలత, మూడు వందలుంటే, దానికి పొర అవసరమే లేదు. భారత ప్రమాణం ప్రకారం 500 దాకా మంచిదే, వేరే దారి లేకపోతే 2000 దాకా ఫరవాలేదు. ఉప్పు లేని నీటికి కూడా ఆర్వో పెట్టి, సగానికి సగం నీటిని కాలువలోకి వదిలేసి, టీడీఎస్ మీటరు యాభై చూపించిందని గొప్పగా చెప్పుకోవడం చూస్తుంటాం. ఆ మీటరు క్రిమిని లెక్కపెట్టదు. చక్కని పనితనాన్ని తగని చోట వాడడం ఇది.

పొర నుంచి బయటికి పోయే ఉప్పునీరు ఇంకా పెద్ద సమస్య. కోలింగలోనూ, తర్వాతి ప్లాంట్లలోనూ చాలా ప్రశ్నలకు జవాబులు దొరికాయి గానీ, సముద్ర మట్టానికి కొద్దిపాటి ఎత్తున, పక్కనే వరిచేలు, రొయ్యల చెరువులు, మురుగు కాలువలు ఉన్న నేలలో ఆ ఉప్పునీటిని ఎక్కడ పోయాలి అన్న ప్రశ్న మనది. ఇప్పుడు చాలాచోట్ల అది షెడ్డు పక్క గుంటలోకి పోతోంది, గుంట నుంచి అదే బోరు తాగే భూమిలోకి దిగుతోంది. రొయ్యల గుంటలకు మళ్లించవచ్చా, ఏ నెలలో ఎంత, పొరలు పేరుకోకుండా వేసే రసాయనం రొయ్యకు పడుతుందా, వరి మొలకకు ఎంతవరకు ఓర్పు? వీటికి సమాధానం పుస్తకంలో దొరకదు. 1986లో మొదలైన జాతీయ తాగునీటి మిషన్ ఉప్పునీటి శుద్ధిని ప్రత్యేక అంశంగానే తీసుకుంది. హైదరాబాదులోని ఐఐసీటీ మెంబ్రేన్ల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. భావనగర్‌లోని ఉప్పు పరిశోధన సంస్థ 1954 నుంచి ఉంది. డెల్టాలో మాత్రం ఈ నీటితో, ఈ ఒండ్రుతో, సంవత్సరం పొడుగునా నడిపి చూసే చిన్న ప్లాంటు కావాలి. అమ్మడానికి కాదు, కొలవడానికి. జూన్, జులైల్లో కాలువ వదిలిన మొదటి వారం ఎర్రనీరు, ఏప్రిల్లో చెరువు అడుగున నాచునీరు, మే నెలలో పోటు ఎక్కిన బోరునీరు, మూడింటినీ ఒకే బల్ల మీద పరీక్షించాలి.

కోలింగ పరీక్షకు డబ్బు, పనివాళ్లు, స్థలం, చెడ్డ నీరు కావలసి వచ్చాయి. ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, షెడ్లలో రోజూ మెంబ్రేన్లు మార్చే కుర్రాళ్లకు చేతిలో పని ఉంది, చెడ్డ నీటికైతే కొరత ఎప్పుడూ లేదు. నాలుగింటిలో మూడు ఇక్కడే ఉన్నాయి.